అన్నం లేని రాత్రి భోజనం: మిద్దె తోట కూరలతో గంటలోపు

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారికి షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. అందుకని రాత్రిపూట పాలియో పద్ధతిలో, అంటే అన్నం, చపాతీ, పప్పులు, పాలు, పంచదార లేకుండా వండుతున్నాను. మిద్దె మీద సొర, బీర, బెండ, వంకాయ, టమాటా, గోంగూర, తోటకూర, బచ్చలి బాగానే కాస్తున్నాయి. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, ఎనిమిదికల్లా పిల్లలకు పెట్టెయ్యాలి. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. ఎంత వండినా ఎవరికీ కడుపు నిండట్లేదు, కూరలు ఉప్పుగా, ఘాటుగా ఉన్నాయంటున్నారు. పదింటికి మళ్ళీ బిస్కెట్ల డబ్బా తీస్తున్నారు. తేడా ఎక్కడొస్తోంది?

సమాధానం:

మీ వంటలో లోపమేమీ లేదండీ. మీరు వండుతున్నది అన్నంలోకి కూర. అన్నం తీసేశారు, కూర మాత్రం పాత కొలతల్లోనే ఉండిపోయింది. చిక్కంతా అక్కడే ఉంది.

మన కూరలన్నీ అన్నంలో కలిపితే సరిపోయేలా చేసుకున్నవి. చెంచాడు గోంగూర పచ్చడితో నాలుగు ముద్దలు దిగిపోవాలని అంత ఉప్పు, అంత కారం, అంత పులుపు పడతాయి. అన్నం వాటన్నిటినీ సర్దేస్తుంది. ఒక లెక్క చూడండి. అర కిలో కూరకు మామూలుగా ఒక చెంచా ఉప్పు వేస్తాం, అంటే 5-6 గ్రాములు. నలుగురు అన్నంలో కలుపుకుని తింటే ఒక్కొక్కరికి గ్రామున్నర కూడా పోదు. అదే కూరను అన్నం లేకుండా ఒక్కరే 400 గ్రాములు తిన్నారనుకోండి, ఒక్క పూటలోనే నాలుగు గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. కూర ఉప్పగా ఉందని మీవాళ్ళు అంటున్నారంటే వాళ్ళ నాలుక సరిగ్గానే పనిచేస్తోంది.

కాబట్టి ముందు కొలతలు మార్చండి. పెద్దవాళ్ళకు మనిషికి 350 నుంచి 400 గ్రాముల పచ్చి కూరగాయలు తీసుకోండి. పళ్ళెంలో సగానికి పైగా అవే ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజంతటికీ కలిపి 400 గ్రాముల కూరగాయలు తినమంది. అంటే ఈ పద్ధతిలో రాత్రి భోజనంతోనే దాదాపు ఆ లెక్క పూర్తవుతుంది. ఉప్పు కిలో కూరకు ఒక చెంచా చాలు. కారం మీకు అలవాటైన దాంట్లో మూడో వంతు వేయండి. చింతపండు సగానికి తగ్గించండి. నూనె మాత్రం తగ్గించకండి, ఇంకో చెంచా ఎక్కువే పడనివ్వండి. అన్నం, నూనె రెండూ ఒకేసారి తీసేసి ఉడకబెట్టిన కూర పెడితే రాత్రి పదింటికి బిస్కెట్ల డబ్బా తెరవక ఏం చేస్తారు?

కడుపు నిండడానికి పళ్ళెంలో మూడు ఉండాలి: కూర, మాంసకృత్తులు, కాస్త కొవ్వు. పిల్లలకు వీటితోపాటు దుంప తప్పకుండా ఉండాలి. మాంసకృత్తుల కోసం పెద్దవాళ్ళకు రెండు మూడు గుడ్లు, లేదా చేపో రొయ్యలో చికెనో 125-150 గ్రాములు. ఒక్క గుడ్డుతో సరిపెట్టుకుంటే ఆరు గ్రాములే వస్తాయి, చాలవు.

కూరల్లోకి వెళ్ళేముందు ఒక ముఖ్యమైన మాట. మీవారు షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా రాత్రి అన్నం పూర్తిగా మానేయకండి. కొన్ని మాత్రలు మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటాయి. పిండి పదార్థం ఒక్కసారిగా తగ్గితే అర్ధరాత్రి 70 కిందకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే అదే. మందు మోతాదు మార్చాలో వద్దో డాక్టరే చెప్పాలి. బోర్డర్‌లో ఉండి మందులేమీ లేకపోతే ఈ భయం చాలా తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాంసకృత్తులు ఎంత తినాలన్నది వేరే లెక్క, అదీ డాక్టరునే అడగాలి.

పాలియో గురించి నా అభిప్రాయం కూడా చెప్తాను. వ్యవసాయం రాకముందు మనిషి తిన్నట్టు తినాలన్న ఆలోచనకు 1985లో ఈటన్, కానర్ అనే ఇద్దరు ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసం తర్వాత బాగా ప్రచారం వచ్చింది. ఆదిమానవుడు గింజలు ముట్టలేదన్నది మాత్రం నిజం కాదు. ఇజ్రాయెల్‌లోని ఒహాలో అనే చోట సుమారు 23,000 ఏళ్ళ కిందటే అడవి బార్లీని రాతి మీద నూరుకున్న ఆనవాళ్ళు దొరికాయి. మీ మిద్దె మీద టమాటా, మిరపకాయ అయితే మన దేశానికి వచ్చి అయిదు వందల ఏళ్ళే అయింది. పోషకాహార సంస్థ కూడా ధాన్యాలు, పప్పులు మానేయమని చెప్పలేదు. కాబట్టి ఇదొక నియమంగా కాకుండా, రాత్రిపూట పిండి తగ్గించి కూర పెంచే వీలుగా చూడండి. ఆ మేరకు బాగా పనికొస్తుంది. కూర బుట్ట ఇంట్లోనే ఉన్నవాళ్ళకు మరీను.

మీ అత్తగారిని ఇందులోకి లాగకండి. మాంసం, గుడ్డు, పప్పు, పాలు అన్నీ తీసేస్తే పెద్దావిడకు మాంసకృత్తులు ఎక్కడ్నుంచి వస్తాయి? ఆవిడకు చిన్న గిన్నెలో పప్పు, కప్పు పెరుగు ఉండనివ్వండి. మీవారికి కూడా పెరుగు ఒంటికి పడితే చిన్న కప్పు వేసుకోనివ్వండి. పాలియో వాళ్ళు ఒప్పుకోరు, కానీ పెరుగన్నం తినకుండా నిద్రపట్టని ఇంట్లో అన్నంతోపాటు పెరుగు కూడా తీసేస్తే మొత్తం పద్ధతే వారంలో మూలపడుతుంది.

ఇప్పుడు వంటింటి అల్మరా. మన పోపుల పెట్టెలోనే పప్పులు దాక్కుని ఉంటాయి. మినప్పప్పు, శనగపప్పు తీసేసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టండి. కొన్న సాంబారు పొడి, చారు పొడి, కూర కారం వీటిలో కందిపప్పో శనగపప్పో ఉంటుంది. బజారులో దొరికే ఇంగువలో చాలా వాటికి మైదా గానీ జిగురు గానీ కలుపుతారు, డబ్బా వెనక చదవండి. వేరుశనగ కూడా పప్పు జాతే, కాబట్టి నిక్కచ్చిగా పాటించేవాళ్ళు పల్లీలు, పల్లీ నూనె కూడా వదిలేస్తారు. వాటి బదులు నువ్వులు, కొబ్బరి. ఆదివారం ఒక పొడి కొట్టి పెట్టుకోండి: కప్పు నువ్వులు, అర కప్పు ఎండు కొబ్బరి, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, అయిదారు ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. నువ్వులు చిటపటమనగానే దించేయాలి, ఎర్రబడితే చేదెక్కుతాయి. ఈ పొడి రెండు చెంచాలు పడితే నీళ్ళోడే కూర ఏదైనా చిక్కబడుతుంది, కొవ్వు కూడా అందుతుంది. నెయ్యి పాల నుంచి వచ్చినదే అయినా పాలియో వాళ్ళలో చాలామంది దాన్ని వాడతారు. మీరూ వాడండి.

గోరుచిక్కుడు, చిక్కుడు లాంటివి పప్పు జాతి అని మానేయాలా అంటే, అక్కర్లేదు. లేత కాయలో గింజ ఎంత ఉంటుంది గనక? ముదిరి గింజ కట్టినవి మాత్రం అత్తగారి కూరలోకి పంపండి.

సమయం సంగతికొస్తే, పొయ్యి మీద పని ఎప్పుడూ ఇరవై నిమిషాలే. మిగతాదంతా కొయ్యడం, కడగడం, ఒలవడం. ముఖ్యంగా ఆకుకూర. ఏడింటికి ఇంటికొచ్చి తోటకూర కట్ట ఒలవడం మొదలుపెడితే ఎనిమిదికి భోజనం కాదు. ఆకుకూర పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కోయండి. మిద్దె మీదే కాడలు తుంచి, వేళ్ళు కంపోస్టు డబ్బాలో పడేసి, ఆకు మాత్రం కిందకు తెండి. కడిగి నీళ్ళు వాడ్చి, పాత నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి మొక్క మీద ఉన్నట్టే ఉంటుంది. బీర, సొర, బెండ సాయంత్రం మొక్కలకు నీళ్ళు పెట్టేటప్పుడే కోయవచ్చు. ఆ పని మీ పెద్దబ్బాయికో అమ్మాయికో అప్పజెప్పండి. కోసినవాళ్ళు తినరన్న మాట చాలా అరుదు. బెండకాయ మాత్రం రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క రోజు మరిచిపోతే పీచు కట్టేస్తుంది.

ఇంకోటి, ఆదివారం ఉల్లి టమాటా ముద్ద చేసిపెట్టుకోవడం. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, అర కప్పు నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించి, అల్లం వెల్లుల్లి, పసుపు, తర్వాత కిలో టమాటా వేసి నూనె తేలేదాకా మగ్గించండి. ఉప్పు వేయకండి, ఏ కూరకు ఆ కూరలో వేసుకోవచ్చు. నాలుగైదు చిన్న డబ్బాల్లో సర్ది, రెండు ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో పెట్టండి. మటన్ కూడా అదే రోజు పసుపు, అల్లం వెల్లుల్లితో కుక్కర్లో ఉడికించి, ఆ నీళ్ళతో సహా డబ్బాల్లో ఫ్రీజర్‌లో ఉంచితే, వారం మధ్యలో దోసకాయ మాంసమో గోంగూర మాంసమో పావుగంటలో అయిపోతుంది. ఏ రాత్రికి కావాలో ఆ పొద్దున డబ్బాను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించడం మరిచిపోకూడదు, అంతే.

ఇక ఒక కూర దగ్గరుండి వండినట్టు చెప్తాను, మిగతావి మీరే అల్లుకోవచ్చు. మా గోదావరి వైపు ఆనపకాయ రొయ్యలు అంటాం, మీకు సొరకాయ రొయ్యలు. నలుగురికి లేత కాయ కిలోన్నర దాకా తీసుకోండి. గోరు గుచ్చితే దిగాలి, అంత లేతగా ఉంటే తొక్క కూడా తీయక్కర్లేదు. బొటనవేలి గోరంత ముక్కలు తరగండి. పెద్ద ముక్క కొస్తే పది నిమిషాలు అదనంగా పడుతుంది, పిల్లలు పక్కకు తోసేస్తారు కూడా. వెడల్పాటి మూకుట్లో మూడు చెంచాల నువ్వుల నూనె, ఆవాలు, జీలకర్ర, నాలుగు దంచిన వెల్లుల్లి, రెండు పచ్చిమిర్చి, కరివేపాకు. పోపు వేగగానే ఆదివారం ముద్ద నాలుగు గరిటెలు, తర్వాత సొర ముక్కలు, చెంచా ఉప్పు. మూత పెట్టండి. నీళ్ళు పోయకండి. సొరకాయ తన నీటిలోనే ఉడుకుతుంది. ఎనిమిది నిమిషాల్లో ముక్క అద్దంలా మెరుస్తుంది. అప్పుడు అత్తగారి వాటా వేరే గిన్నెలోకి తీసేసి, రెండు చెంచాల నువ్వుల పొడి కలిపి పక్కన పెట్టండి.

మూకుట్లో మిగిలినదానిలో రొయ్యలు వెయ్యాలి. అర కిలో రొయ్యలు పొట్టు, వీపు మీది నల్ల నరం తీసినవి, పసుపు, ఉప్పు రాసి కడిగి ఉంచుకోవాలి. ఈ పని చేపల దుకాణంలోనే చేయించుకురండి, ఇంట్లో కూర్చుంటే అరగంట పోతుంది. మంట పెంచి, మూత తీసి, రొయ్యలు వేసి కలపండి. వాటి రంగు మారి, గుండ్రంగా ముడుచుకోవడానికి నాలుగైదు నిమిషాలు చాలు. అక్కడ ఆపాలి. ఇంకో అయిదు నిమిషాలు ఉంచితే రబ్బరు అవుతాయి. చివర మిరియాల పొడి, కొత్తిమీర, ఒక చెక్క నిమ్మరసం. చింతపండు ఇందులో వేయకండి. పులుపు తక్కువగా, సొరకాయ తీపి పైకి తెలిసేలా ఉంటేనే దీన్ని గిన్నె నిండా వేసుకుని చెంచాతో తినగలరు. బీరకాయతోనూ ఇదే దారి. కాకపోతే బీర వండితే సగమే మిగులుతుంది, అందుకని రెండు కిలోలు తరగాలి.

ఈ వాటా ముందే తీసే పద్ధతి దాదాపు అన్ని కూరల్లోనూ నడుస్తుంది. పోపు, కాయ, ఉప్పు వరకు అందరికీ ఒకటే. ఆపైన గుడ్డు, చేప, చికెన్ ఏది పడినా ఆవిడ గిన్నె ముందే పక్కకు వచ్చేస్తుంది. గరిటె మాత్రం వేరేది వాడండి. పెద్దవాళ్ళు అది గమనిస్తారు.

సొరకాయ అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. మిద్దె తోటలో, అందులోనూ సొంతంగా దాచిన విత్తనాలతో పెంచినప్పుడు, ఒక్కోసారి కాయ చేదుగా వస్తుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం వల్ల వస్తుంది, ఉడికిస్తే పోదు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. తరిగేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. కిలో కాయ పోతోందని మనసు ఒప్పదు, అయినా సరే. బీర, దోస, కీరలకూ ఇదే పరీక్ష. కాకరకాయ చేదు సంగతి వేరు, దాన్ని దీనితో కలపకండి.

ఆకుకూరలకు గుడ్డే సరైన జోడీ. తోటకూర గుడ్డు పొరటు అన్నిటికంటే త్వరగా అయ్యేది. ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేగాక నాలుగు పెద్ద కట్టల తోటకూర సన్నగా తరిగి వేయండి. మూత పెట్టకండి. నీరంతా ఇగిరి, మూకుడు అడుగు కనిపించేదాకా ఆగండి, ఇక్కడ తొందరపడితే గుడ్డు నీళ్ళలో విరిగినట్టవుతుంది. తర్వాత పది గుడ్లు కొట్టిపోసి, ఒక నిమిషం కదపకుండా ఉంచి, అప్పుడు కలపాలి. పెద్ద పెద్ద ముక్కలుగా వస్తుంది, తింటుంటే తిన్నట్టుంటుంది. మునగాకు లేతది దొరికితే తోటకూరలో గుప్పెడు కలపండి. పొట్లకాయ, గుడ్డు కలిపి తినకూడదని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనే ఉంటారు. ఆ కూర ఇష్టంగా వండుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి. అయినా వద్దన్న ఇంట్లో పొట్లకాయ కోసం గొడవెందుకు, కొబ్బరి వేసి విడిగా వండేయండి.

కిడ్నీలో రాళ్ళు వచ్చిన చరిత్ర ఎవరికైనా ఉంటే పాలకూర, తోటకూర, చుక్కకూర వరసగా రోజూ ఇంతింత పెట్టకండి. వాటిలో ఆగ్జలేట్లు ఎక్కువ. సొర, బీర, క్యాబేజీ మధ్యమధ్యలో తిప్పుతుంటే సరిపోతుంది.

గోంగూరలో ఉన్న పులుపే కూరకు చాలు, ఎక్కువ పడితే కూరను ఒంటిగా తినలేరు. అన్నంలోకి అయితే మటన్ ఎంతో గోంగూర అంత వేస్తాం. ఇలా తినడానికి అర కిలో మాంసానికి రెండు గుప్పెళ్ళ గోంగూర, దానికి మూడింతలు బచ్చలి లేదా తోటకూర కలపండి. పులుపు తగ్గి, కూర పెరుగుతుంది. చికెన్ అయితే ఎముక లేని తొడ ముక్కలు చిన్నగా కొట్టించుకుంటే పన్నెండు, పదిహేను నిమిషాల్లో ఉడుకుతుంది. బెండకాయ కీమాతో బాగుంటుంది. కీమా విడిగా పొడిపొడిగా వేయించుకుని, బెండకాయ వేరే మూకుట్లో మూత లేకుండా, ఉప్పు చివర్లో వేసి వేయించి, రెండూ కలపాలి. ఒకేసారి వేస్తే జిగురొచ్చి కూర్చుంటుంది. వంకాయ ఎండు రొయ్యల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎండు రొయ్యల్లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి వేడినీళ్ళలో రెండుసార్లు కడగండి, కూరలో ఉప్పు వేసేముందు రుచి చూడండి.

మీ అత్తగారికే కాదు, అందరికీ నచ్చే శాకాహారం ఒకటి ఉంది: కంద బచ్చలి. మా వైపు పెళ్ళి భోజనాల్లో ఉండే కూర, పాలియో అన్న పేరు ఎవరూ వినకముందు నుంచే పిండి, పప్పు లేకుండా వండుతున్నారు. పోపులో మినప్పప్పు వేసే అలవాటు ఒక్కటి మానేస్తే చాలు. కంద తరిగేముందు చేతులకు నూనె రాసుకోండి, లేకపోతే దురద. ముక్కలు కుక్కర్లో రెండు కూతలు రానిచ్చి, బచ్చలి ఆకు కాడలతో సహా తరిగి కలిపి, కొంచెం చింతపండు రసం పోసి మెత్తగా ఎనపాలి. చింతపండు కంద దురదను కూడా తగ్గిస్తుంది, కాబట్టి ఇక్కడ మాత్రం పూర్తిగా మానకండి. దించాక చల్లారనిచ్చి, చెంచా ఆవాలు, ఎండుమిర్చి నూరిన ముద్ద కలపండి. వేడి మీద ఆవ పెడితే చేదొస్తుంది. అరటికాయతోనూ ఇలాగే ఆవ పెట్టిన కూర చేయవచ్చు. అయితే కందలో, అరటికాయలో పిండి పదార్థం ఉంది. మీవారు గరిటెడు వేసుకుని ఆగాలి, పిల్లలు కడుపునిండా తినవచ్చు.

పిల్లల విషయంలో ఒక్క మాట గట్టిగానే చెప్తాను. పెద్దవాళ్ళ షుగర్ కోసం ఎదిగే పిల్లలకు పిండి పదార్థం మానిపించకూడదు. వాళ్ళ పళ్ళెంలో చిలగడదుంపో చేమదుంపో పెట్టండి. లేదంటే మామూలుగా అన్నమే పెట్టండి, ఏమీ కాదు. పొద్దున, మధ్యాహ్నం పాలు, పెరుగు, రాగి, పప్పు ఎలాగూ ఉంటాయి. చిలగడదుంపలు కుక్కర్లో వేరే గిన్నెలో పడేస్తే కూరతోపాటు ఉడికిపోతాయి, మీకు అదనపు పనేమీ లేదు. ఉడికిన వాటిని చక్రాల్లా కోసి, పెనం మీద నెయ్యి, మిరియాల పొడితో రెండు వైపులా కాలిస్తే బిస్కెట్ల డబ్బా దానంతటదే మూతపడుతుంది.

కాలీఫ్లవర్ అన్నం గురించి చాలామంది అడుగుతారు. చెయ్యవచ్చు, నిజమైన అన్నమనుకుని తింటే మాత్రం నిరాశే. తురిమి, వెడల్పాటి పెనం మీద పెద్ద మంటన, మూత లేకుండా, ఉప్పు లేకుండా మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. మూత పెడితే ముద్దయి వాసనొస్తుంది. సీజన్ కాని రోజుల్లో క్యాబేజీ సన్నగా తురిమి ఇలాగే చేయండి, చవక కూడా. చేపల పులుసు ఉన్న రాత్రే ఇది పనికొస్తుంది, పులుసును పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మిగతా రోజుల్లో దీని కోసం శ్రమపడటం నా దృష్టిలో దండగ. జొన్నరొట్టె, కొర్ర అన్నం ఈ పద్ధతిలోకి రావు, అవీ ధాన్యాలే. షుగర్ అదుపు కోసమే అయితే, మీవారు వారంలో రెండు రాత్రులు ఒక చిన్న జొన్నరొట్టె తిని, రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఒంటికి ఏది పడుతుందో మీకే తెలుస్తుంది. నేనైతే ఆ రీడింగునే నమ్ముతాను.

చారు మానక్కర్లేదు. కందికట్టు లేకుండా టమాటా, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి కాచిన చారు గ్లాసులో పోసి భోజనానికి ముందు ఇవ్వండి. వంట పూర్తయ్యేలోపు ఆకలని తిరిగే పిల్లలు ఆ పదినిమిషాలు ఆగుతారు. ఉప్పు చిటికెడే.

తోటలో కూడా ఈ భోజనానికి తగ్గట్టు చిన్న మార్పులు చేసుకోండి. మనిషికి 400 గ్రాములంటే అయిదుగురికి రోజూ రెండు కిలోలు. మిద్దె మీద సంచుల్లో ఏడాదంతా అంత రాదు, సగం కొనుక్కోవాల్సిందే, అందులో తప్పులేదు. మిద్దె మీద ఏది పెంచితే లాభమో చూసుకోవాలి. బజారులో తాజాగా దొరకనివి, రోజూ కావాల్సినవి అక్కడ ఉండాలి: ఆకుకూరలు, కరివేపాకు, పచ్చిమిర్చి, బెండ, బీర. క్యాబేజీ, కంద, ఉల్లి కొనండి. బచ్చలి తీగను గోడకో గ్రిల్లుకో ఎక్కించండి, కోసేకొద్దీ చిగురేస్తుంది. తోటకూర విత్తనాలు ఒకేసారి చల్లకుండా పదిరోజులకొక సంచి చొప్పున చల్లితే, నెల తిరిగేసరికి ఎప్పుడూ ఒక సంచి కోతకు సిద్ధంగా ఉంటుంది. ఒక వెడల్పాటి టబ్బులో చిలగడదుంప తీగ ముక్కలు నాటండి. దుంపలు ఊరడానికి నాలుగు నెలలు పడుతుంది, ఈలోగా లేత ఆకుల్ని తోటకూరలాగే పొరటులోకి వాడుకోవచ్చు. మరీ ఎక్కువ దూస్తే దుంప ఊరదు, తీగకు రెండు మూడు చిగుళ్ళకు మించి కోయకండి.